ఊఁ అన్న చెవి

నాకు పనిచేసేది కుడిచెవి ఒక్కటే. ఎడమది చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చినప్పుడే చేతులెత్తేసింది. అలాంటిదాన్ని రైఫిల్ షూటింగ్ క్లబ్బులో చేరతానంటే మా ఆయన, "ఉన్న ఒక్కటీ పోగొట్టుకుంటావా?" అన్నారు. డాక్టరూ అదే మాట అన్నాడు, కాకపోతే కొంచెం మర్యాదగా. ఆ చెవి పోతే మా అమ్మాయి గొంతు ఇక ఈ జన్మలో వినపడదు. ఆ భయం నాకూ ఉంది. అయితే నా మొండితనం ముందు ఏ భయమూ ఎక్కువసేపు నిలబడదు.

మా అమ్మాయి ఒట్టి వసపిట్ట. బడి నుంచి రావడం ఆలస్యం, నా కుడిపక్కన చేరి కథ మొదలుపెడుతుంది. నేను ఊఁ కొట్టాలి. కొట్టకపోతే నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంటుంది. బట్టలు మడతపెడుతున్నా, కూరగాయలు తరుగుతున్నా ఊఁ, ఊఁ అంటూనే ఉంటాను.

చెవికి సరైన రక్షణ దొరకడమే పెద్ద గండమైంది. ఇయర్ ప్లగ్గులను వేళ్ళతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి దూర్చి, అవి లోపల ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. నేను దూర్చినవి కాసేపటికే బయటికి తొంగిచూసేవి. పోనీ చెవులమీద డిప్పల్లా కూర్చునే ఇయర్ మఫ్‌లు పెట్టుకుందామంటే, కళ్ళజోడు కాడలు కణతల్లోకి దిగబడేవి. ఆ కాడల దగ్గరే సందు పడి మోతంతా లోపలికి వచ్చేది. పెద్ద డిప్పలైతే, తుపాకీకి చెంప ఆన్చగానే దానికి తగిలి పక్కకు జరిగేవి. ఇంటికొచ్చేసరికి తలను పట్టకారుతో నొక్కినట్టుండేది.

క్లబ్బు వెనక గదిలో సామాన్లు అమ్మే పెద్దాయనను అందరూ 'ఏమన్నావ్ బాబాయ్' అంటారు. ఆయన వయసులో ఉన్నప్పుడు చెవిలో దూది పెట్టుకోవడం కూడా పిరికితనమేనట. ఇప్పుడు ఏం అడిగినా "ఏమన్నావ్?" అంటాడు. చెవులు పోగొట్టుకున్నవాడి దగ్గర చెవులకు కాపలా కొనుక్కోవాల్సి వచ్చినందుకు నాకు నవ్వొచ్చింది.

"తలనొప్పి పుట్టించనిది కావాలి బాబాయ్," అని గట్టిగా అరిచాను.

ఆయన కింది అరలో తడిమి బూడిదరంగు జత ఒకటి తీశాడు. దానికి పెట్టె లేదు, పేరు లేదు. డిప్పలు పలచగా ఉన్నాయి, మెత్తల్లో కళ్ళజోడు కాడ ఇమిడేంత గాడి ఉంది.

"పెట్టుకుని ఊఁ అను," అన్నాడు. "సందు లేకుండా కూర్చుంటే నీ గొంతు నీ తలలోనే మోగుతుంది. పేల్చే ముందు ప్రతిసారీ అని చూసుకోవాలి. మరిచిపోకు."

ఊఁ అన్నాను. తలంతా మోగింది. ఎంత హాయిగా ఉందంటే, అసలు పెట్టుకున్నానో లేదోనని చేత్తో తడిమి చూసుకున్నాను.

ఆ రోజు నుంచి నా గురి కుదిరింది. కోచ్ గారు కూడా మెచ్చుకున్నారు, ఆయన మెచ్చుకోవడం అంటే తిట్టకపోవడం. నేను మాత్రం ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఊఁ అనడానికి ముందు ఆ డిప్పల్లో ఏదో ఉండేది. దాన్ని చప్పుడు అనలేను. పక్కగదిలో ఎవరో మాట్లాడుతూ, నా జవాబు కోసం ఆగినట్టుండేది. నేను ఊఁ అనగానే మళ్ళీ సాగేది. నా ఊపిరే అలా అనిపిస్తోందని సర్దిచెప్పుకున్నాను.

ఇంట్లో ఫ్రిజ్ మోత ఆగిపోయింది. మా ఆయన బాగుచేయించారేమో అనుకున్నాను. స్టవ్ మీద పాలు పొంగి పోతున్నా తెలిసేది కాదు. ఒకరోజు వసపిట్ట నా మొహంలోకి చూసి, "అమ్మా, నువ్వు తప్పు చోట ఊఁ అంటున్నావ్," అంది.

మర్నాడు ఆదివారం, పొద్దున్నే క్లబ్బు హాల్లో నేనూ కోచ్ గారూ తప్ప ఎవరూ లేరు. మఫ్‌లు పెట్టుకుని, తుపాకీకి చెంప ఆన్చి, కావాలనే ఊఁ అనకుండా ఆగాను. లోపల ఉన్నది కూడా ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత, ఎంతో ఓపికగా, అడిగిందే మళ్ళీ అడిగింది.

"ఇంకొంచెం ఇస్తావా?"

ఆ మాట నాకు ఎడమచెవిలో వినపడింది.

ఇన్నాళ్ళూ నేను దేనికి ఊఁ అంటున్నానో అప్పుడు అర్థమైంది. "ఊహూఁ," అన్నాను. తుపాకీ దించి, మఫ్‌లు సంచిలో కుక్కి, కోచ్ గారు ఏదో అడుగుతున్నా వినిపించుకోకుండా ఇంటికి వచ్చేశాను. దార్లో చెత్తకుండీ కనపడలేదు. ఇంటికెళ్ళాక సుత్తితో పగలగొడదామనుకున్నాను.

తుపాకీ పట్టిన చేతులకు సీసం పొడి అంటుతుంది, ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కోవాలి. సంచి గుమ్మం దగ్గర పడేసి కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పిల్ల నేలమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. బూడిదరంగు డిప్పలు దాని బుగ్గల దాకా వచ్చాయి.

"ఊఁ," అంది. కాసేపు ఆగి, ముచ్చటగా మళ్ళీ, "ఊఁ."

పరిగెత్తి లాగేశాను.

"ఎందుకు తీశావమ్మా? కథ మధ్యలో ఉంది. ఊఁ అంటేనే ముందుకెళ్తుంది."

"ఏమడిగింది నిన్ను? ఎన్నిసార్లు ఊఁ అన్నావ్?"

పిల్ల నా నోటివైపు అయోమయంగా చూసింది.

"అమ్మా, అంత మెల్లగా మాట్లాడతావేంటి?"

నేను గొంతు చించుకుని అరుస్తున్నాను.

దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. ఏడుపు ముంచుకొచ్చింది, కానీ ఏడవడానికి తీరిక లేదు. మఫ్‌లు నా తలకు పెట్టుకున్నాను. అంత మెత్తటి వస్తువును నేనెప్పుడూ అంతగా అసహ్యించుకోలేదు.

"పిల్ల దగ్గర తీసుకున్నది తిరిగిచ్చెయ్. దాని జోలికి మళ్ళీ రాకు. నాది తీసుకో," అన్నాను.

ఎడమచెవిలో ఆ గొంతు, ఆశ పుట్టినట్టుగా, "మొత్తమా?"

ఒళ్ళో పిల్ల తల ఎత్తి, "అమ్మా," అంది. ఆ పిలుపు పూర్తిగా విన్నాను.

"ఊఁ," అన్నాను.

వసపిట్టకు ఇప్పుడు అన్నీ చక్కగా వినపడతాయి, వీధి చివర ఎవరో తలుపు వేసినా చెబుతుంది. రోజూ వచ్చి నా కుడిపక్కన కూర్చుని కథ చెబుతుంది. దాని పెదాలు ఆగినప్పుడల్లా ఊఁ అంటాను. తనకింకా చెప్పలేదు.