రచన అన్న గడి

మరిది వంటింట్లోకి వచ్చాడంటే రెండే కారణాలు. ఒకటి ఆకలి, రెండోది పాట. ఆ బుధవారం పొద్దున అప్పుడే రెండు పళ్ళాలు ఖాళీ చేసి లేచాడు కాబట్టి పాటే అయి ఉంటుందని వదిన స్టవ్వు తగ్గించింది.

"వదినా, నా పాటల కాగితాలు నీ దగ్గరేమైనా ఉన్నాయా?"

"ఏ పాటలు?"

"అన్నీ. మొదట్నుంచీ. పదిహేనేళ్ళవి."

అతని చేతిలో ఒక ఫారం ఉంది. శనివారం సాయంత్రం కచేరీలో పాటల మాటలన్నీ స్టేజీ వెనక గోడంత తెర మీద వేస్తారట. జనం చూస్తూ కలిసి పాడతారట. పుస్తకంగా కూడా అచ్చు వేస్తారట. ఎల్లుండిలోగా మొత్తం రాసి పట్టుకు రమ్మని మేనేజరు హుకుం. ఫారంలో గానం అన్న గడిలో అతని స్టేజీ పేరు, భీకర్, వంకరగా ఉంది. దాని కిందే రచన అన్న గడి. అందులోనూ భీకరే ఉన్నాడు. సిరా ఇంకా ఆరలేదు.

వదిన ఆ రెండో గడి వంక కాసేపు చూసింది. ఆ పాటల్లో అతను రాసింది ఒక్క అక్షరం లేదు. అన్నీ ఆవిడే రాసింది, ఈ వంటింటి గట్టు మీదే, ఒక చేత్తో గరిట తిప్పుతూ. అలాంటి గడి ఒకటి ఉంటుందని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. తెలిశాక ఇంకొకరికి వదలబుద్ధి కాలేదు.

"ఇందులో నా పేరుండాలి కదా?" అంది.

మరిది నవ్వాడు. "నీ పేరా? వదినా, ఇది హెవీ మెటల్. ఇనుము! వంటింట్లో రాశారని తెలిస్తే ఫ్యాన్స్ బనీన్లు చించుకుంటారు."

"మూకుడు కూడా ఇనుమే."

"అయినా నువ్వు రాసింది మాటలేగా. వాటి వెనక బాధ నాది."

"నీ బాధ మా అందరిదీ నాయనా, పదిహేనేళ్ళుగా."

అతనికి అది మెప్పులా వినిపించింది. వంగి గిన్నె మూత తీసి చూశాడు.

అతని సంగీత ప్రస్థానం ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు, వద్దన్నా వినపడింది కనక. మొదటి బృందం పేరు తుప్పు. కాలేజీని వదిలిన నలుగురు, అంటే కాలేజీయే వదిలేసిన నలుగురు, ఇంటి పక్కన కారు షెడ్డులో మొదలుపెట్టారు. షెడ్డులో కారు ఎప్పుడూ లేదు కాబట్టి అది ఒక్కటీ బతికిపోయింది. గిటార్లు రెండూ రంపాల్లా కోసేవి. డ్రమ్ములవాడు ఎవరి మీద కోపమో వాటి మీద తీర్చుకునేవాడు. నడుమ మరిది మైకు పీక రెండు చేతులా పిసికి, పొట్టలోంచి ఒక శబ్దం పైకి తోడేవాడు. దాన్ని గ్రౌల్ అంటారని అతనే చెప్పాడు. గురకకీ మూలుగుకీ పుట్టిన బిడ్డలా ఉండేది. అత్తగారు ఒక్కరే మొదటిరోజు నుంచీ నిజమైన అభిమాని. చెవి మిషను తీసి పక్కన పెట్టి, కొడుకు నోరు తెరిచి మూసే తీరు చూస్తూ మురిసిపోయేది.

అప్పటికి వదిన కొత్త కోడలు, అందులోనూ సాహిత్యం చదువుకుని వచ్చిన కోడలు. "చావు మీద నాలుగు ముక్కలు రాసివ్వు వదినా" అంటే మనసు పొంగిపోయింది. మూడు సాయంత్రాలు కొట్టేసి, దిద్ది, మళ్ళీ కొట్టేసి రాసింది.

వెలుతురు వెళ్ళిపోయినా
కిటికీ తెరుచుకునే ఉంది.
దానికెవరూ చెప్పలేదు.

ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని కచేరీకి వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. మరిది హల్లులన్నీ మింగేసి అచ్చులు కక్కాడు. కిటికీ లేదు, వెలుతురు లేదు, ఘ్రో ఉంది, ఘ్రా ఉంది. కాగితం ముందు పెట్టుకుని పాట రికార్డు చేసేటప్పుడైనా అక్షరాలు పలికేవాడు గానీ అర్థం జోలికి పోయేవాడు కాదు. స్టేజీ ఎక్కాక ఆ మర్యాద కూడా లేదు. పక్కన కూర్చున్నవాడు కన్నీళ్ళు తుడుచుకుంటూ "ఏం రాశాడండీ!" అన్నాడు. వదిన ఆ రోజే ఆ మనుషులందరికీ ఒకేసారి దణ్ణం పెట్టేసింది.

రెండో పాట అడిగితే కుక్కరు పెట్టెలో వచ్చిన కాగితం తీసి ఎత్తిరాసింది.

మూత బిగించుటకు ముందు
రబ్బరు వలయము సరిచూచుకొనుము!
ఆవిరి పూర్తిగా పోవువరకు
మూత తెరువరాదు! తెరువరాదు!

తుప్పుకి పేరొచ్చింది దాంతోనే. 'ఆవిరి' అని మెడ మీద పచ్చబొట్టు పొడిపించుకున్న ఘనులున్నారు. అణగారిన ఒక తరం ఆక్రోశం ఆ పాట అని పత్రికలో ఒకాయన అర పేజీ రాశాడు. ఆ కుక్కరు ఇంకా పనిచేస్తూనే ఉంది, తుప్పు మాత్రం మూడేళ్ళకి రాలిపోయింది. ఫొటోలో మధ్యలో ఎవరు నిలబడాలనే దగ్గర తేడా వచ్చింది.

రెండో బృందం పంచనామా. వాళ్ళ దగ్గర పొగ మిషను ఉందని మరిది అందులో చేరాడు. ఆ పొగ అతని గొంతుకి పడలేదు. స్టేజీ మీద దగ్గు తెర కమ్ముకొస్తే అది కొత్త శైలి అనుకుని జనం రెండు కచేరీలు ఈలలు వేశారు. మూడోదానికి బృందమే పట్టుకుంది. తానే బయటికొచ్చానని ఇతనంటాడు, తామే పంపామని వాళ్ళంటారు. బయటపడ్డాడన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఒంటరిగా, ఒకే ఒక్క మనిషి ఉన్న బృందం నడిపాడు. అందులోనూ గొడవలొచ్చి విడిపోయాడు.

ఇప్పటిది రౌరవం. ఐదుగురు. ఏ బృందంలో చేరినా "ఇదే నా అసలైన కుటుంబం" అని ప్రకటించటం అతనికి అలవాటు. ఆ ప్రకటన, అన్న సంపాదించగా, వదిన వండగా, తల్లి వడ్డించగా, భోజనాల బల్ల దగ్గర చేసేవాడు. రౌరవం అని ముందువైపు రాసిన నల్ల బనీను వదినే ఉతికేది. మొదటి ఉతుకులోనే 'రౌర' ఊడిపోయి 'వం' మిగిలింది. ఆ నలుపు అంటుకుని అన్న చొక్కాలు మూడు బూడిదయ్యాయి. కళ్ళజోళ్ళ కొట్లో ఆ చొక్కాలతోనే కూర్చుంటాడు ఆయన, పల్లెత్తు మాట అనకుండా.

అనాల్సినవన్నీ వదిన పాటల్లో అనేసింది. ఎదురుగా అంటే రభస, పాటలో అంటే చప్పట్లు. పంచనామా రోజుల నుంచీ ప్రతి పాటా మరిది మీదే. 'నింపనివాడు' అన్న పాటకి ఊళ్ళకి ఊళ్ళు తలలూపాయి.

తడి తువ్వాలు పరుపు మీద!
తిన్న కంచం కిటికీ మీద!
నీడలాగ తిరుగువాడు
నీళ్ళ సీసా నింపనివాడు!

ఇవన్నీ ఒక పాత లెక్కల నోటుబుక్కులో, తేదీలతో సహా, ఆవిడ గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

"పుస్తకం ఉంది. నీ చేతికివ్వను. శుక్రవారం నీతో నేనే తెస్తాను" అంది.

"హమ్మయ్య" అన్నాడు మరిది. మోసే పని తప్పింది కదా.

మేనేజరు ఆఫీసు ఒక టైర్ల దుకాణం మీద, ఇనుప మెట్లెక్కితే వచ్చే ఒంటి గది. గోడ నిండా పుర్రెల పోస్టర్లు. వాటి కింద, బల్ల మీద, పెన్సిళ్ళు చెక్కి ఎత్తుల వరసన పేర్చి ఉన్నాయి. మేనేజరు ఇరవై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి ఈ రంగంలోకి వచ్చిన మనిషి. పిల్లల్ని అదుపులో పెట్టడం ఎక్కడైనా ఒకటేనని ఆవిడ ఉద్దేశం.

ఆవిడ నోటుబుక్కు తెరిచింది. మొదటి పేజీ నెమ్మదిగా చదివి, తలెత్తి కిటికీ వైపు చూసి, మళ్ళీ చదివింది. రెండో పాట దగ్గర కనుబొమలు లేచాయి. ఐదో పాటకి కళ్ళజోడు తీసి, చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంది. నవ్వు ఆపుకోలేక నోటుబుక్కు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరు రాశారివి?"

"నేనే మేడం" అన్నాడు మరిది.

"చేతిరాత?"

"వదినది. నేను చెప్తుంటే రాసింది."

వదిన చేతులు కట్టుకుని కూర్చుంది. ఇనుప మూకుడు వేడెక్కే దాకా ఆగటం ఆవిడకి అలవాటే.

"అలాగా. 'నింపనివాడు' రెండో చరణం అప్పజెప్పండి" అంది మేనేజరు.

మరిది లేచి నిలబడి, కాళ్ళు ఎడం చేసి, లేని మైకు పట్టుకుని, "ఘ్రా..." అన్నాడు. కింద టైర్ల దుకాణంలో ఎవరో పని ఆపి పైకి చూశారు.

"అక్షరాల్లో, నాయనా."

"అంటే మేడం... ఫీలింగ్ వస్తే గానీ మాటలు రావు."

"పోనీ అది దేని మీద పాటో చెప్పండి."

"అది... మా పాత గిటారిస్టు మీద. వాడు మమ్మల్ని, అంటే మా ఆశల్ని... ఎప్పుడూ నింపలేదు."

మేనేజరు నోటుబుక్కు అతని వైపు తిప్పింది. "చదవండి. మనసులో చాలు."

మరిది చదివాడు. చిన్నపిల్లాడిలా పెదాలు కదుపుతూ చదివాడు. తువ్వాలు దగ్గర ఏమీ కాలేదు. కంచం దగ్గర ఆగాడు. పేజీ తిప్పాడు. అక్కడ ఇంకోటుంది.

ముప్పై ఎనిమిదేళ్ళ పసికందు!
మూతి తుడవండి ముందు!
అన్న గూట్లో గువ్వ ఒకటి,
అరవటమే దాని డ్యూటీ!

అతని చెవులు ముందు ఎర్రబడ్డాయి, మొహం తర్వాత. మేనేజరు సొరుగులోంచి కొత్త ఫారం తీసి, గానం దగ్గర తనే రాసి, రచన దగ్గర ఖాళీ వదిలి, కలంతో సహా వదిన ముందుకు జరిపింది.

"ఇది మీదే. సందేహం లేదు. కానీ ఒక్కమాట అమ్మా. ఈ గడిలో ఈయన పేరుంటే జోకు. తనని తానే తిట్టుకున్న మహానుభావుడంటారు. మీ పేరుంటే అది వేరు. ఈ పాటల్లో ఉన్నదెవరో మీ ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. ఆలోచించుకోండి."

"పాటలు మార్చేద్దాం మేడం" అన్నాడు మరిది.

"మారిస్తే కొత్తవి ఎవరు రాస్తారు?" అంది మేనేజరు.

మరిది కుర్చీ వదిన దగ్గరికి లాక్కున్నాడు. "వదినా, నా పేరే ఉండనీ. నీ పేరు పడితే ఇవన్నీ నిజమైపోతాయి. రేపు అమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది. అమ్మకి వినపడదు గానీ చదవటం వచ్చు."

పదిహేనేళ్ళలో అతని గొంతులో హల్లులన్నీ విడివిడిగా వినపడటం అదే మొదటిసారి. చిన్న గొంతు, మామూలుది. దుకాణంలో చిల్లర లేదని చెప్పే మనిషికుండే గొంతు.

వదినకి రేపటి సాయంత్రం కళ్ళకి కట్టింది. అత్తగారి చూపు దివ్యమైనది, సూదిలో దారం ఇప్పటికీ తనే ఎక్కిస్తుంది. తెర మీద ప్రతి అక్షరం చదువుతుంది. చివర పేరు చదువుతుంది. ఇంటికొచ్చాక అరవదు. మాట్లాడటం మానేస్తుంది, అది అరుపు కన్నా ఎక్కువ రోజులు నిలిచే సరుకు. భర్త కళ్ళజోడు తుడుచుకుంటూ "తెర మీద దాకా ఎందుకే" అంటాడు. అంతే అంటాడు, కానీ నెలకి నాలుగుసార్లు అంటాడు. చుట్టాల్లో ఆడపడుచు వరసవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఇది ఒక ఏడాది గ్రాసం.

ఇంకోవైపు ఒక గడి. అరచెయ్యి కూడా పట్టనంత చిన్నది.

ఆవిడకి మొదటి పేజీలోని కిటికీ గుర్తొచ్చింది. దాని కింద కూడా భీకర్ అని పడుతుంది. తిట్లు అతని పేరు మీద పోతే పోనివ్వచ్చు, అది మాత్రం ఎలా పోనిచ్చేది? ఒకటి కావాలంటే అన్నీ ఒప్పుకోవాలి. ఫారంలో గడి ఒకటే ఉంది.

"వదినా" అన్నాడు మరిది, నోటుబుక్కు మీంచి తలెత్తకుండా. "నేను నిజంగా అంతేనా?"

ఇంకొకరెవరైనా అయితే ఆ క్షణం కరిగిపోయేవాళ్ళు. వదిన కూడా కొంచెం ఆలోచించింది, అబద్ధం ఏదైనా అందుబాటులో ఉందేమోనని.

"అంతకన్నా ఎక్కువే" అంది. "ప్రాస కుదరక తగ్గించాను."

మేనేజరు గబుక్కున పెన్సిళ్ళు సర్దుకోవటంలో పడింది.

వదిన కలం తీసుకుంది. భర్త ఇంటిపేరు రాయలేదు, పుట్టింటిదీ రాయలేదు. ఆ ఇంట్లో పదిహేనేళ్ళుగా ఎవరూ పిలవని తన పేరు, వదిన కాదు, కోడలు కాదు, ఏమే కాదు, అచ్చంగా తన పేరు, గడి నాలుగు మూలలూ నిండేలా గుండ్రంగా రాసింది. రాసి ఊది ఆరబెట్టింది.

మరిది ఆ పేరు చదివి, "ఇదెవరు?" అనబోయి ఆగాడు.

మేనేజరు ఫారం వెలుతురుకి పట్టుకుని, అచ్చువాళ్ళు తప్పులు చేస్తారని ఒక్కో అక్షరం కింద పెన్సిలు ఆనిస్తూ సరిచూసుకుంది.

"చివర్లో దీర్ఘం ఉందాండీ?"

"ఉంది" అంది వదిన. "తియ్యకండి."