ఆగ్నేయ మూల

ఏసీ ముందు మూత విప్పగానే గుణశేఖర్‌కు బల్లి కనిపించింది. సర్క్యూట్ బోర్డు మీద కాళ్లు చాపుకుని, కంపెనీవాళ్లు బిగించిన భాగమేమో అన్నంత కుదురుగా ఎండిపోయి ఉంది. పట్టకారుతో తోక పట్టుకుని తీసి పాత పేపరు మీద పెట్టాడు.

కింద స్టూలు పట్టుకుని నిలబడిన చంద్రకాంతమ్మ గారు స్టూలు వదిలేసి వెనక్కు జరిగింది. గుణశేఖర్ కిటికీ ఊచ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. రాత్రంతా చెమటలో నానిపోయామని తెల్లవారకముందే ఫోన్ చేసిన మనిషి ఇప్పుడు ఏసీ సంగతే మరిచిపోయింది. బల్లి చచ్చిన పాపం ఇంట్లోవాళ్లకు తగులుతుందా, ఏసీ అమ్మినవాళ్లకు తగులుతుందా అని అడిగింది. కంచికి పోయి బంగారు బల్లిని తాకి వస్తే సరిపోతుందేమోనని తానే జవాబు కూడా చెప్పుకుంది.

"పాపానికి కంచి ఉండాది లేమ్మా," అన్నాడు గుణశేఖర్. "బోర్డుకు మాత్రం నేనే దిక్కు."

కాలిన బోర్డును పాత టవల్లో చుట్టి సంచిలో వేసుకున్నాడు. దారిలో ఇంటి దగ్గర దించిపోవాలి. దాన్ని బాగుచేసేది ఇంట్లోనే, వంటింటి గట్టు మీద. అతని భార్య సుజన ఇడ్లీ పాత్ర పక్కకు జరిపితే అతని సోల్డరింగు కడ్డీకి చోటు దొరుకుతుంది. పొయ్యి మీద చారు మరుగుతూ ఉంటే పక్కన సీసం పొగ. ఆ ఇంటి చారుకు ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుందని చుట్టాలు అంటారు. ఇంగువ మారిస్తే పోతుందని సలహా కూడా ఇస్తారు.

గుణశేఖర్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎడమ భుజం కుడి భుజం కంటే కిందికి ఉంటుంది. ఏసీ బయటి పెట్టెలను మిద్దెల మీదికి మోసీ మోసీ ఆ భుజం అట్లా స్థిరపడిపోయింది. చొక్కా ఎవరు కుట్టినా ఒక పక్కకు జారినట్టే కనబడుతుంది. పెట్టెల్లోని అల్యూమినియం రేకులు గీరి గీరి ముంజేతుల మీద దువ్వెన పళ్లలాంటి గీతలు పడ్డాయి. ఆ పొద్దున నొప్పి భుజం దగ్గర ఆగకుండా మోచేతి దాకా దిగింది. సుజన రాత్రి నువ్వులనూనె రాసింది కాబట్టి నూనెతో పాటు దిగిందనుకున్నాడు. ఆమెకు చెప్పలేదు. చెబితే ఈరోజు పనికి పోవద్దంటుంది. మిగతా ఏ రోజైనా ఆ మాట వినొచ్చుగానీ ఈరోజు కుదరదు. ఈరోజు సుందరరాజు ఇంట్లో పని.

సూళ్లూరుపేట బజారులో సుందరరాజుది బియ్యం వ్యాపారం. కింద షట్టరు గది, పైన ఇల్లు, ఆ పైన మిద్దె. షట్టరు గదిలో ఉన్న సెల్‌ఫోన్ల అంగడివాడు ఖాళీ చేసి వెళ్లినప్పటి నుంచి గుణశేఖర్ కన్ను దాని మీదే ఉంది. పెద్ద గదేం కాదు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫ్యాను పడితే చాలు. మనుషులే బోర్డులు తెచ్చి ఇచ్చి పోతారు, అతను నేల మీద కూర్చుని బాగుచేస్తాడు. గోడలెక్కే పని వయసులో ఉన్నవాళ్లు చూసుకుంటారు. సుజనకు తన వంటింటి గట్టు తనకు వస్తుంది. ఉగాది నుంచి అడుగుతున్నాడు. సుందరరాజు ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. నిన్న ఫోన్ చేసి, మిద్దె మీద ఏసీ పెట్టెకు చోటు మార్చాలి, వచ్చి ఆ పని చేసిపెట్టు, అంగడి సంగతి కూడా మాట్లాడుకుందామన్నాడు.

చోటు మార్చమని చెప్పింది సిద్ధాంతి. వర్తక సంఘం ఎన్నికల్లో సుందరరాజు ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయాడో ఓటేసినవాళ్లందరికీ తెలుసు. సుందరరాజు మాత్రం సిద్ధాంతిని పిలిపించాడు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని మిద్దె అంతా తిరిగి, నీళ్ల ట్యాంకు పక్కన ఏసీ పెట్టె ఉండడం చూసి తల పట్టుకున్నాడట. నీటి పక్కన నిప్పు పెట్టుకుని గెలుస్తారా ఎవరైనా అన్నాడట. వేడి కక్కే యంత్రం అగ్ని మూలలో ఉండాలి, అంటే ఆగ్నేయంలో.

ఆ పెట్టెను ట్యాంకు నీడలో, పడమట పెట్టింది గుణశేఖరే. ఇల్లు కట్టిన ఏడాది పెట్టాడు. ఇప్పటికీ దాని మీద తుప్పు చుక్క లేదు. ఈ ఊళ్లో మధ్యాహ్నం తిరిగితే పులికాట్ సరస్సు మీద నుంచి ఉప్పుగాలి మొదలవుతుంది, సరిగ్గా ఆగ్నేయం నుంచే. మనుషులకు ప్రాణం లేచొచ్చే గాలి. ఇనుముకు మాత్రం కొయ్యకు చెద ఎట్లాగో ఆ గాలి అట్లాగ. అందుకే గుణశేఖర్ ఏ ఇంటికి పోయినా ఆగ్నేయం వద్దనేవాడు. చిత్తూరు దగ్గర పల్లె నుంచి ఈ ఊరికి అల్లుడుగా వచ్చినవాడికి మా వాస్తు సంగతి ఏం తెలుసు అన్నారు కొందరు. వద్దు గుణశేఖర్ అని పేరు పెట్టారు మరికొందరు. సగం ఊరు సిద్ధాంతి మాట విని ఆగ్నేయంలోనే పెట్టించుకుంది. పెట్టెలు తుప్పుపట్టి గ్యాసు కారిపోయినప్పుడు మాత్రం గుణశేఖర్‌కే ఫోన్ చేసి తిట్టింది. సిద్ధాంతికి సర్వీసు కోసం ఎవరూ ఫోన్ చేయరు.

పెట్టె ఎత్తడానికి తోడుగా ఆదిమూలం వచ్చాడు. ఇద్దరూ ఒకే వయసువాళ్లు, ఒకే పనిలో ఒకరి గిరాకీని ఒకరు లాక్కుంటూ స్నేహంగా ఉంటారు. కత్తిరి ఎండ నెత్తిన మండుతోంది. మిద్దె మీద చెప్పులు లేకుండా నిలబడే వీలు లేదు. గ్యాసునంతా పెట్టెలోకి లాగి బంధించి, రాగి పైపులు విప్పి, తాళ్లు వేసి సిద్ధం చేసేసరికి సుందరరాజు తువ్వాలు నెత్తిన వేసుకుని పైకి వచ్చాడు. ఆగ్నేయ మూలలో సిద్ధాంతి పసుపుతో గీసిపోయిన గుర్తు దగ్గర నిలబడ్డాడు.

"ఏం గుణా, ఈడ పెడితే ఏమన్నా ఇబ్బందా? నువ్వు అన్నిటికీ వద్దంటావంట గదా."

ఆదిమూలం రాబోయే జవాబు కోసం ముందే నవ్వు సిద్ధం చేసుకున్నాడు.

గుణశేఖర్ పసుపు గుర్తును చూశాడు. దాని వెనక పిట్టగోడ, పిట్టగోడ అవతల కొబ్బరి తలలు, ఆ తలలన్నీ ఇటువైపే వంగి ఉన్నాయి.

"ఏం గాదన్నా," అన్నాడు. "బ్రమ్మాండంగా ఉంటాది."

సుందరరాజు సంతోషంగా కిందికి దిగిపోయాడు. ఆదిమూలం నవ్వును ఏం చేసుకోవాలో తెలియక కాసేపు మొహం మీదే ఉంచుకున్నాడు.

"ఏం బావా, సముద్రం యాడికన్నా పోయిందా? నిన్నటిదాకా ఆ పక్కే ఉన్నింది గదా."

"అంగడి ఇస్తానన్నాడు."

"ఇస్తానన్నాడా, సూస్తానన్నాడా?"

గుణశేఖర్ తాడు ముడి సరిచేసుకున్నాడు.

"సూస్తానన్నాడు," అన్నాడు.

ఆదిమూలం తాడు రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ పెట్టెను ఎత్తి, మధ్యలో ఒకసారి దించి, మళ్లీ ఎత్తి, ఆగ్నేయం మూలకు చేర్చారు. దించినచోట గుణశేఖర్ కొంచెం ఎక్కువసేపు వంగి ఉండిపోయాడు. తనకు తడ ఊళ్లో ఇంకో పని ఉందని, ఒక్కడివే చేసుకుంటావా అని ఆదిమూలం అడిగాడు. మిగిలింది పైపులు కలిపేదే కదా, రైలు పోతుంది, బయలుదేరమని గుణశేఖర్ పంపేశాడు.

పైపులు కలిపేది చిన్న పనేం కాదు. ట్యాంకు దగ్గర్నుంచి ఈ మూల దాకా కొత్త పైపు పరవాలి, గోడకు రంధ్రం వేయాలి, లోపలి గాలినంతా పంపుతో లాగేయాలి, అతుకుల మీద సబ్బు నురుగు పూసి బుడగ లేస్తుందేమో చూడాలి. అన్నీ చేశాడు. చెమట కళ్లల్లోకి దిగుతుంటే భుజంతో తుడుచుకోబోయి, ఎడమ భుజం లేవక, కుడి భుజంతో తుడుచుకున్నాడు. మధ్యలో సుజన ఫోన్ చేసింది. అంగడి సంగతి తేలిందా అని అడిగింది. పని అయినాక మాట్లాడతానన్నాడని, తానే ఫోన్ చేస్తానని చెప్పాడు. మజ్జిగన్నా ఇచ్చినారా అని అడిగింది. ఇస్తారులే అన్నాడు.

మజ్జిగ తెచ్చింది సుందరరాజు భార్య వసంతమ్మ. మోకాళ్ల నొప్పుల మనిషి. ఎప్పుడైనా సరే మెట్ల మలుపులో గ్లాసు పెట్టి, గుణా తాగప్పా అని కేకేసి పోతుంది. ఆరోజు పైదాకా ఎక్కి వచ్చింది. స్టీలు గ్లాసు అతని చేతికిచ్చి, తాను పిట్టగోడ పట్టుకుని నిలబడింది. అతను తాగేదాకా ఆగుదామనుకుంది గానీ ఆగలేకపోయింది.

"ఆ కింది అంగడి నీకు రాదప్పా. సిద్ధాంతిగారికి ఇచ్చేసినారు. ఆయన ఆఫీసు పెట్టుకుంటాడంట. శుక్రవారమే టెంకాయ కొట్టినారు."

గుణశేఖర్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఆగాడు.

"పని అయిందాకా చెప్పబాకన్నాడు మా ఆయన. నాకు మనసొప్పలా."

అతను నిదానంగా రెండు గుక్కలు తాగాడు.

"ఉప్పు రవంత ఎక్కువైనట్టుండాదక్కా," అన్నాడు.

"ఎండకని వేసినా."

కొబ్బరి ఆకులు గలగలమన్నాయి. గాలి మొదలైంది. గుణశేఖర్ పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. అప్పుడే వేడెక్కి ఉంది.

"ఈడ ఇది నిలబడదక్కా. ఉప్పుగాలి తినేస్తాది. ట్యాంకు నీడలో ఉన్నిందే బాగుండె."

"ఆ మాట పొద్దున ఆయనతో చెప్పకూడదా?"

"చెప్తే అంగడి ఇయ్యడేమోనని చెప్పలా."

వసంతమ్మ అతని మొహం వైపు చూడలేక పసుపు గుర్తు వైపు చూసింది. మళ్లీ పాత చోట పెట్టేయొచ్చు కదా అని మెల్లగా అంది. తన మొగుడికి తానేదో ఒకటి చెప్పుకుంటానంది. గుణశేఖర్ తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు మళ్లా మోసే ఓపిక లేదక్కా. మీరు కిందికి పోయి ఆన్ చేయండి. పోయేలోగా గ్యాసు వదుల్తా."

ఆమె దిగి వెళ్లింది. అతను గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, మోకాళ్ల మీద వంగి, పైపు బిరడా మరలు తిప్పాడు. కాసేపటికి పెట్టెలో ఫ్యాను కదిలింది. వేడిగాలి మొహానికి కొట్టింది. కింద కిటికీలోంచి వసంతమ్మ గొంతు, చల్లగా వస్తా ఉండాదని చెప్పింది. గుణశేఖర్ అక్కడి నుంచి కనిపించకపోయినా చెయ్యెత్తాడు. పెట్టె పక్కన జానెడు నీడ ఉంది. పిట్టగోడకు వీపు ఆనించి ఆ నీడలో కూర్చున్నాడు.

కింద గదిలో సుందరరాజు తలుపు వేయమని, చల్లదనం బయటికి పోతుందని కేకేశాడు. దుప్పటి లాక్కుని, ఆగ్నేయంలో పెట్టగానే ఎంత తేడా వచ్చిందో చూశావా అని భార్యను అడిగాడు. ఆమె జవాబు చెప్పే లోపలే గురక పెట్టాడు. సంఘం ఎన్నికలు మళ్లీ వస్తే గెలిచేవాడి గురక అది. వసంతమ్మ కాసేపు మెట్ల వైపు చెవి పెట్టింది. అడుగుల చప్పుడు లేదు. చెప్పకుండా వెళ్లిపోయాడనుకుంది. వెళ్లిపోవడమే న్యాయమనుకుంది.

ఎండ వాలుతుండగా మిద్దె మీద ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. ఎవరిదే అది, ఎత్తమను అని సుందరరాజు దుప్పట్లోంచి విసుక్కున్నాడు. వసంతమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది.

అతను కూర్చున్నట్టే ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆని ఉంది. పెట్టెలోంచి వచ్చే వేడిగాలికి నెత్తిన జుట్టు కదులుతోంది. అది చూసి ఆమె ముందు నిద్రపోతున్నాడనుకుంది. గుణా అని పిలిచింది. చేతిమీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. ఒడిలో ఫోన్ మోగుతూనే ఉంది. ఏం చేయాలో తెలియక దాన్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇచ్చినాడా?" అంది అవతల సుజన.

వసంతమ్మ నోరు తెరిచింది. 

"పలకవేంబ్బా. అంగడి ఇచ్చినాడా, లేదా?"

కింద సుందరరాజు నిద్రలో దుప్పటిని ఇంకా పైకి లాక్కున్నాడు. గది అంత చల్లగా ఉంది.

గుండె అన్నారు ఆసుపత్రిలో. కర్మ అన్నారు వీధిలో. చంద్రకాంతమ్మ గారు పరామర్శకు వచ్చి, సుజన చెయ్యి పట్టుకుని ఏడ్చి, గడప దాటబోతూ బోర్డు సంగతి అడిగింది. సుజన వంటింటి గట్టు మీద నుంచి తెచ్చి ఇచ్చింది. గట్టు ఖాళీ అయింది.

సుందరరాజు మళ్లీ సిద్ధాంతిని అడిగాడు. అడగడం ఇప్పుడు సులభం, ఆయన కింది అంగడిలోనే ఉన్నాడు. మనిషి ప్రాణం పోయిన మూలలో యంత్రం ఉండరాదని, నీడ పట్టున, పడమట, నీళ్ల ట్యాంకు పక్కకు మార్చమని సిద్ధాంతి చెప్పాడు. ఆదిమూలం ఇంకొక మనిషిని తోడు తెచ్చుకుని పెట్టెను మోశాడు. ఇది ముందు ఉన్న చోటే గదన్నా అని మాత్రం అన్నాడు.

"ముందు ఉన్నింది వేరు," అన్నాడు సుందరరాజు. "సిద్ధాంతి చెప్పినాక పెట్టేది వేరు."

ఆదిమూలం పెట్టె మరలు బిగించి, చెయ్యి తుడుచుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. వసంతమ్మ మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకుంటూ పిట్టగోడ మీది స్టీలు గ్లాసు చూసి ఆగింది. గృహప్రవేశానికి ఊరంతా పంచిన గ్లాసుల్లో మిగిలినదది. పొట్ట మీద చుక్కచుక్కల అక్షరాల్లో సుందరరాజు పేరు ఉంది. దాన్ని మళ్లీ వంటింట్లోకి తీసుకుపోవడానికి ఆమెకు చేతులు రావడం లేదు. పారేద్దామంటే మీద మొగుడి పేరు. బట్టలు భుజాన వేసుకుని దిగిపోయింది. అడుగున మజ్జిగ చార ఎండి తెల్లగా అట్టకట్టి, పులికాట్ గాలికి ఎదురుగా, గుణశేఖర్ పెట్టినచోటే గ్లాసు ఉంది. స్టీలుది కాబట్టి తుప్పు కూడా పట్టడం లేదు.