లే నుంచి చండీగఢ్ దాకా

1986 జనవరిలో కర్ణాటకలో పావగడ దగ్గరి అరసికెరెలోని పెద్దతిమ్మప్ప ఇంటికి తంతి వచ్చింది. కొడుకు చిక్కన్న మిలిటరీలో, దేశానికి ఉత్తరాన లే అనే ఊళ్లో ఉన్నాడు. అంత ఎత్తులో ఊపిరితిత్తులకు నీరు పట్టి ఆసుపత్రిలో పడినాడని, విమానంలో చండీగఢ్‌కు పంపుతామని అందులో రాసినారు.

చిక్కన్న పెళ్లాం రంగక్క మామను వెంటబెట్టుకుని పావగడ పోయింది. బస్టాండు పక్కన సైకిల్ షాపు నడిపే జయరామప్ప ఒకప్పుడు ఆ కొండల్లో సిపాయిగా పనిచేసినవాడు.

“అన్నా, లే నుంచి చండీగఢ్ ఎంత దూరం ఉండాది?”

“విమానానికి గంటమ్మా. మధ్యలో అన్నీ మంచుకొండలే. బస్సు దారి ఎండాకాలం దాకా మూసే ఉంటాది.”

“గంటేనా? మనకు బెంగళూరు పోయేదానికే ఒక పూట పడతాది గదప్పా!” అన్నాడు పెద్దతిమ్మప్ప.

“అయితే ఆయన మనకన్నా ముందే చేరతాడు. పోదాం పా మామా,” అంది రంగక్క.

పెద్దతిమ్మప్ప తెల్లబోయినాడు. ఆమె మధుగిరి దాటి ఎరగదు. గొర్రెల వెంట పెనుగొండ దాకా నడవడమే ఆయన చేసిన పెద్ద ప్రయాణం.

“మనకు హిందీ రాదు గదమ్మా?”

“ఊరి పేరు చెప్పేదానికి హిందీ ఎందుకు మామా?”

రొట్టెలు, శెనక్కాయల పొడి మూటగట్టుకుని, రెండు కంబళ్లు తీసుకుని హిందూపురంలో రైలెక్కినారు. ఢిల్లీలో దిగి, కనపడినవాళ్లకల్లా “చండీగఢ్, చండీగఢ్” అని చెప్పి బస్సు పట్టుకున్నారు.

మిలిటరీ ఆసుపత్రిలో చిక్కన్న లేడు. మంగళూరు నుంచి వచ్చిన నర్సు ఒకామె వాళ్లు వచ్చిన కన్నడంలో అడగడం విని దగ్గరికొచ్చింది. పొద్దున పోయిన విమానం మబ్బుల్లో లేలో దిగలేక వెనక్కి వచ్చేసిందని చెప్పింది.

పెద్దతిమ్మప్ప గోడకానుకుని కూలబడినాడు. “వీళ్లు ఏందో దాస్తా ఉండారమ్మా. గంట దారికి ఇన్ని దినాలా?”

“మబ్బు పోతే వస్తాడు మామా. వచ్చేదాకా ఈడే ఉందాం.”

మరునాడు చండీగఢ్‌లోనే పొగమంచు. విమానం కదల్లేదు. ఆ పైరోజు ఎండ కాసింది. మధ్యాహ్నం అంబులెన్సు వచ్చి ఆగింది.

స్ట్రెచరు మీద చిక్కన్న సగమైపోయి ఉన్నాడు. ముక్కుకు గొట్టం. తండ్రిని, పెళ్లాన్ని మార్చి మార్చి చూసినాడు.

“మీరేంది… ఈడ?”

రంగక్క అతని పాదాలు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. కంబళి తీసి కప్పింది.

సాయంత్రం డాక్టరు చూసి చెప్పినదాన్ని నర్సు వాళ్లకు వివరించింది. కిందికి తెచ్చినందుకే ఊపిరి కుదురుకుంటా ఉందట. నెలలో నడుస్తాడట. ఇంక అంత ఎత్తుకు పంపరట.

పెద్దతిమ్మప్ప బయటికి పోయి చాలాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చినాడు.

“చేను ఏమైంది?” అని అడిగినాడు చిక్కన్న.

“వాన ముందే పోయింది. విత్తనానికి సరిపడా శెనక్కాయ వచ్చినాది, అంతే,” అంది రంగక్క.

“చాలు. లీవిస్తారు గదా, ఈసారి నేనూ ఉంటా విత్తేదానికి.”

నర్సు వచ్చి, రోగితో ఎక్కువ మాట్లాడించొద్దని నవ్వుతూ కసిరింది.