ఎల్లస్వామి సీసాలో రంగు

నా పేరు ప్రేమలత. పేరులో తప్ప నాలో ఎక్కడా ప్రేమ లేదని మా పేషెంట్ల అభిప్రాయం. పదకొండేళ్లుగా వరంగల్‌లో టీబీ ఉన్నవాళ్ల ఇళ్ల చుట్టూ స్కూటీ మీద తిరుగుతున్నాను. వాళ్ల దగ్గు వినడం, వాళ్ల అబద్ధాలు వినడం నా ఉద్యోగం. రెండోదే కొంచెం ఎక్కువ.

కాశిబుగ్గలో జంపఖానాలు నేసే ఎల్లస్వామికి టీబీతో పాటు హెచ్ఐవీ కూడా ఉందని ఆర్నెల్ల కిందట బయటపడింది. టీబీ సంగతి వీధికంతా తెలుసు. రెండోది దవాఖానలో మాకూ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. "భద్రమ్మకు తెలిస్తే నేను సచ్చినట్టే మేడం" అన్నాడు మొదటి రోజే. భద్రమ్మ అతని భార్య. ఆమెకూ పరీక్ష చేయించాలి, నువ్వే చెప్పు అని వెళ్లినప్పుడల్లా పోరుతున్నాను. తల ఊపుతాడు, చెప్పడు.

టీబీ గోళీలు మింగినవాళ్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. మానేస్తే రాదు. నోటి మాటను నమ్మడం నేనెప్పుడో మానేశాను కాబట్టి, అనుమానం వచ్చిన ఇంటికి సీసా పట్టుకొని పోతాను.

ఆ సోమవారం ఎల్లస్వామి మరీ చిక్కిపోయి కనిపించాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

"గోళీలు ఏస్కుంటానవా అన్నా?"

"రోజూ ఏస్కుంటాన మేడం. రెండు తీర్లవీ. భద్రమ్మ మీద ఒట్టు."

పెళ్లాం మీద ఒట్టేసేసరికి నాకు ఖాయమైపోయింది. సీసా ఇచ్చాను. ఇంటి వెనక్కి పోయి చాలాసేపటికి వచ్చాడు.

ఏం రంగది! దసరాకి పట్టుచీర కొనుక్కుంటే ఆ రంగులోనే కొనుక్కోవాలి. ఎండకెత్తి చూశాను. సీసా అడుగున పొడి ఇంకా కరుగుతోంది.

"గింత సక్కటి రంగు ఏ గోళీకీ రాదన్నా. నూలుకేసే రంగు ఎన్ని చెంచాలు కలిపినవ్?"

ఎర్రబడ్డ వేళ్లు వీపు వెనక దాచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎన్ని రోజులాయె మానేసి?"

"ఇరవై. గన్ని గోళీలు జూస్తే దానికి అనుమానమొస్తది మేడం. రెండర్రల ఇల్లు, యాడ దాసిపెట్టాలె? ఒకటి మానినంక ఇంకోటెందుకని రెండూ బందువెట్టిన."

"భార్యకు తెల్వకుండ సచ్చిపోదామని ప్లాన్ వేస్కున్నవ్. శానా మంచిగున్నది."

అంతా భద్రమ్మకు వినబడేలా అరుద్దామనిపించింది. కానీ పేషెంటు ఒప్పుకోకుండా నోరు విప్పకూడదని రూలు. ఆ రూలు రాసినవాళ్లు ఎల్లస్వామి లాంటి మొండిఘటాన్ని చూసి ఉండరు.

ఇంతలో నూలు చిలపలు భుజాన వేసుకొని భద్రమ్మే వచ్చింది. నా చేతిలో సీసా చూసి, "ఇది నా గిన్నెల రంగేనాయె" అంది. ఎల్లస్వామి మగ్గం గుంతలోకి దిగిపోయాడు.

నన్ను స్కూటీ దాకా సాగనంపడానికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "మేడం, ఆ రెండో గోళీలు గూడ బందువెట్టిండా?"

"ఏ రెండో గోళీలు?" అన్నాను, ఏమీ ఎరగని మొహం పెట్టి.

"నూలు బుట్టల దాస్తాండు. డబ్బా జూసిన. నా డబ్బా గూడ గసొంటిదే."

మూడేళ్లుగా ఆమె హనుమకొండకు పోయి అవే మందులు తెచ్చుకుంటోంది. భర్తది నూలు బుట్టలో, ఆమెది బియ్యం డ్రమ్ములో.

"మరి చెప్పకపోతివి అక్కా?"

"చెప్తే ఇడిచిపెడతడని భయమైంది. ఆయన డబ్బా జూసినంక, చెప్తే కుమిలిపోతడని భయమైంది. ఎవలు ఎవలకిచ్చిన్రో ఇప్పుడేం తెలుస్తది మేడం?"

ఉన్నమాటే చెప్పాను. "ఇట్లనే మానేస్తే ఆయన బతకడక్కా."

ఆమె లోపలికి పోయింది. నేను వెళ్లిపోవాల్సింది, పోలేదు, గడపలో నిలబడ్డాను. భద్రమ్మ డ్రమ్ములోంచి డబ్బా తీసి, కొంగుతో తవుడు తుడిచి, మగ్గం మీద అతని ముందు పెట్టింది.

ఎల్లస్వామి అది తనదే అనుకున్నాడు. దొరికిపోయానని గాబరాగా పక్కనున్న నూలు బుట్టలో చెయ్యిపెట్టాడు. తన డబ్బా అక్కడే ఉంది. దాన్ని తీసి చూశాడు, దీన్ని చూశాడు, భార్యను చూశాడు.

"ఎన్నటి సంది?"

"మూడేండ్లాయె."

తిడతాడేమో, చెయ్యెత్తుతాడేమో అని నేనొక అడుగు ముందుకు వేశాను.

"మూడేండ్లు ఒక్కదానివే పోయినవా?" అన్నాడు. అని, గుంతలో నిలబడే ఏడ్చాడు. నేను చీటీ ఏదో వెతుకుతున్నట్టు సంచిలో తల పెట్టుకున్నాను.

మర్నాడు ఇద్దరూ ఒకే ఆటోలో డాక్టర్ దగ్గరికి వచ్చారు. మందులు మళ్లీ మొదలయ్యాయి. వారం తర్వాత వెళితే, నేను అడగకముందే ఎల్లస్వామి సీసా తెచ్చి చేతికిచ్చాడు. నారింజే, కానీ బురద కలిసినట్టున్న నారింజ. అడుగున పొడి లేదు.

"ఈ రంగేస్తే ఒక్క జంపఖానా అమ్ముడువోదు" అని భద్రమ్మ మూతి తిప్పింది.

నాకు మాత్రం భలే నచ్చింది. ఎండకెత్తి మళ్లీ మళ్లీ చూశాను.