సర్వే ఆయనకు చేసిన మర్యాద

కాజాల పెద్దమ్మ గదిలోకి పరాయి మనిషి అడుగుపెట్టి నాలుగేళ్లు దాటింది. కాజాలు తీసి గుండీలు కుట్టమని టైలరు పంపే చొక్కాల మూట కూడా గుమ్మం బయటే పడేది. చూపు మందగించి కాజా ఒకచోట, గుండీ ఒకచోట పడుతుండటంతో ఆ మూటా ఆగిపోయింది. ఇక మిగిలింది ఒంటరి ఆడవాళ్లకిచ్చే పింఛను. అదొస్తేనే పొయ్యి వెలిగేది.

"రేపు పింఛను సర్వే ఆయన ఇంటికొచ్చి, ఉన్నదీ లేనిదీ చూసి రాసుకుంటాడంట అత్తా," అంది పక్కగదిలో ఇస్త్రీ చేసే ఆమె. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకుందంతే.

రాసుకుంటాడన్నది పెద్దమ్మ చెవికెక్కలేదు. ఇంటికొస్తాడన్నదే ఎక్కింది.

మర్నాడు ఇస్త్రీ ఆమె తన గది తాళంచెవి పెద్దమ్మ చేతికిచ్చి, బట్టలు పంచడానికి వెళ్లింది. పెద్దమ్మ ఆ గది తీసి రెండు కుర్చీలు, టేబుల్ ఫ్యాను, పూల గ్లాసులు మోసుకొచ్చి పెట్టుకుంది.

సర్వే ఆయన బట్టతల మనిషి. చెమటలు కక్కుతూ వచ్చి ఫ్యాను ముందు కూలబడ్డాడు.

"పొద్దుట్నించీ కూర్చోమన్నది నువ్వొక్కదానివే పెద్దమ్మా."

ఆ మాటకే ఆమె కడుపు నిండిపోయింది. టీ ఇచ్చింది. పోయిన మొగుడి సంగతి, ఒకప్పుడు తను తీసిన కాజాల నాణ్యం, అన్నీ ఏకరువు పెట్టింది. ఆయన ఊకొడుతూ చేతిలోని ట్యాబు మీద వేలు ఆడించాడు.

"ఫ్యాను బాగా తిరుగుతోందే. కొత్తదా?"

"కొత్తదే బాబూ," అంది. ఎరువు తెచ్చానని చెప్పడానికి నోరు రాలేదు.

నెల తిరిగేసరికి జాబితా వచ్చింది. ఫ్యాను ఉంది, కుర్చీలున్నాయి, కాబట్టి అర్హత లేదు.

"పెళ్లిచూపులనుకున్నావా అత్తా?" ఇస్త్రీ ఆమె తల పట్టుకుంది. "నా ఫ్యాను గాలికి నీ పింఛను ఎగిరిపోయింది."

"ఆయన చెమటలు కక్కుతున్నాడే."

"కక్కనీ. జీతం తీసుకోవట్లేదూ?"

తిట్టిన మనిషే పనులు మానుకుని, అర్జీ రాయించి ఆఫీసుకు తీసుకెళ్లింది. గుమాస్తా అంతా విని కళ్లజోడు పైనుంచి చూశాడు.

"మళ్లీ మనిషిని పంపుతాం. ఈసారైనా కాస్త మర్యాద తగ్గించుకో పెద్దమ్మా."

ఈసారి ఇస్త్రీ ఆమె దగ్గరుండి మరీ గది ఖాళీ చేయించింది. చాప కూడా చుట్టి తన గదిలో పడేసుకుంది. "నోరెత్తావంటే ఊరుకోను. అడిగినదానికే జవాబు చెప్పు."

మధ్యాహ్నం ఒక ఆఫీసరమ్మ వచ్చింది. చెప్పులు విడవకుండా గడప బయటే నిలబడి లోపలికి ఒక చూపు చూసింది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఫోటో తీసుకుంది.

"లోపలికి రామ్మా. మంచినీళ్లన్నా తాగిపో."

"అక్కర్లేదులే. ఇంకా చాలా ఇళ్లున్నాయి. నీకు వస్తుందిలే పింఛను." టిక్కు పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

"గట్టెక్కావు అత్తా," అంది ఇస్త్రీ ఆమె.

"ఏ ఊరిపిల్లో అడుగుదామనుకున్నా."

"ఊరడిగితే ఇంకో పింఛను ఇస్తుందా?" నవ్వుతూనే ఇస్త్రీపెట్టె దగ్గరికి పరుగెత్తింది. బట్ట మాడుతున్న వాసన వస్తోంది.

పెద్దమ్మ గడప దగ్గరే నిలబడింది. ఆఫీసరమ్మ వీధిలో ఒక్కో తలుపూ కొట్టుకుంటూ పోతుంటే, ఆ చప్పుడు వినపడినంతసేపూ వింది.