కడుపు వేళ

కడుపులో ఉత్త వాపేనట, ఆ మాట చెప్పేటప్పుడు మా ఆవిడ యున్‌పింగ్ నా మొహంకేసి ఎందుకు చూడలేదు, ఇరవై ఆరేళ్ల కాపురంలో ఏదున్నా మొహం మీదే కడిగిపారేసే మనిషి, పెద్దాసుపత్రి కాగితాలు తన సంచీలోనే దాచుకుని నన్ను ఈ సూదుల డాక్టరమ్మ తాన్ దగ్గరికి లాక్కొచ్చింది, ఏడింటికల్లా ఉండాలట, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా కడుపు వేళట, ఒంట్లో ఒక్కో అవయవానికి ఒక్కో వేళట, చెంగ్డూలో ఇన్నేళ్లు సిటీబస్సు నడిపినవాడికి వేళలు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడం కాదూ, అయితే నొప్పి సరిగ్గా ఏడింటికే వస్తోంది, అది మాత్రం నిజం, మోకాలి కింద సూది దిగింది, వచ్చిందా నాయనా, లాగినట్టు, బరువుగా, అని అడిగింది ముసలావిడ, లేదన్నాను, నేనెందుకు చెప్పాలి, నాకెవరైనా నిజం చెబుతున్నారా, ఆవిడ సూదిని వేళ్ల మధ్య మెలిపెట్టి నవ్వింది, నోరు లేదంటోంది గానీ కండ సూదిని పట్టేసిందయ్యా, గాలానికి చేప తగిలినట్టు, కడుపుకీ నరాలకీ ఒకటే ముడి, రోజూ ఈ వేళకి నీకేం గుర్తొస్తుంది, అంది, ఏమీ లేదన్నాను, సూది ఇంకా బిగుసుకుంది.

అతి వినయం ధూర్త లక్షణం, నిన్న యున్‌పింగ్ బేరిపండు తొక్క తీసి మరీ ఇచ్చింది, పెళ్లయ్యాక అదే మొదలు, సగం నువ్వు తినవే అంటే, అమ్మో, మొగుడూ పెళ్లాం బేరిపండు పంచుకుంటే విడిపోతారు అని చేతులు వెనక్కి పెట్టుకుంది, మా భాషలో ఆ రెండు మాటలూ ఒక్కలాగే పలుకుతాయిలే, అయినా ఏనాడూ లేని పట్టింపు ఇప్పుడెందుకు, నా దగ్గరా ఈ నాటకాలు, ఈ విద్య నాకు తెలియదా, అన్నయ్యకు కడుపులో కాన్సరని తేలినప్పుడు డాక్టరు నన్ను వసారాలోకి పిలిచి చెప్పాడు, అన్నయ్యకు చెప్పలేదు, రోగికి తెలిస్తే ఆ దిగులుతోనే పోతాడని మా దగ్గర ఇంటివాళ్లకే చెబుతారు, నేనే లోపలికి వెళ్లి ఉత్త వాపే అన్నయ్యా అన్నాను, నాలుగు నెలలు రోజూ ఏడింటికి నవ్వు మొహంతో బియ్యపు జావ తాగించాను, చివరిదాకా నమ్మాడు, భయం లేకుండా పోయాడు, నాకున్న ఊరట అదొక్కటే.

తెర తొలగించుకుని యున్‌పింగ్ లోపలికొచ్చింది, ఏడ్చి కడుక్కున్న మొహం, ఏమందండీ, వాపేగా, అంది, ఆ సంచీ ఇలా తే అని అరిచేద్దామనే నోరు తెరిచాను, సంచీని గుండెకి అదుముకుంది, అయినా నవ్వుతోంది, పాపం ఎంత కష్టపడుతోందో పిచ్చిది, నా నోట్లోంచి వేరే మాట వచ్చింది, వాపేనే, దానికింత కంగారా, కొత్త ఏడాది పండక్కి మిరపకాయల కోడి నేనే వండి పెడతాను చూడు, అన్నాను, ఆమె హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది, నా మాట నా చెవినే పడింది, ఇవే, అక్షరం పొల్లుపోకుండా ఇవే మాటలు, ఆ మొదటి రోజే జావ గిన్నె పక్కన పెట్టి నా భుజం తట్టి అన్నయ్య అన్నాడు, కొత్త ఏడాది పండక్కి మిరపకాయల కోడి నేనే వండి పెడతాను చూడు తమ్ముడూ అని, నేనూ ఇలాగే ఊపిరి పీల్చుకున్నాను, అన్నయ్యకు తెలుసు, మొదటి రోజు నుంచీ తెలుసు.