రెండో మనిషి

"అశుభం పలికినందుకు కూడా జీతమిస్తారన్నమాట!" అంది మా అత్తగారు, నా ఉద్యోగం ఏమిటో మొదటిసారి విన్నప్పుడు. అణువిద్యుత్ ప్లాంటులో ఏది చెడిపోవచ్చు, అది చెడితే దాని వెనక ఇంకేం చెడుతుంది, అలా జరగడం ఎన్ని వేలల్లో ఒకసారి అని కంపెనీవాళ్ళు లెక్కగట్టి రిపోర్టు పంపుతారు. ఆ లెక్క సరైనదేనా అని చూసి, లైసెన్సు ఇవ్వచ్చో లేదో చెప్పే ప్రభుత్వ కార్యాలయం మాది. పన్నెండేళ్ళుగా అందులో పరిశీలకురాలిని. మా ఆయన మాత్రం తన స్నేహితులకు "తనదేదో ఫైళ్ళు చూసే పని" అని పరిచయం చేస్తాడు. ఫైళ్ళు చూసే పనే, కాదనను. కాకపోతే నా ఫైలు తప్పయితే ప్లాంటు చుట్టూ ఉన్న ఊళ్ళు ఖాళీ చేయాల్సొస్తుంది.

ఆ సోమవారం పొద్దున ఒక పక్క పాప టిఫిన్ డబ్బా మూత పెడుతూ, ఇంకో పక్క అత్తగారి మాత్రలు పూటపూటకీ విడగొడుతూ మా ఆయనకు చెప్పాను. "రేపు నేను ప్లాంటుకు వెళ్తున్నాను. గేటు దగ్గరే ఫోన్ తీసేసుకుంటారు. సాయంత్రం దాకా దొరకను."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"విన్నాననే కదా. చెవుల్లేవా నాకు?" అన్నాడు, తన ఫోన్లోంచి తలెత్తకుండానే. చెవులున్నాయి. ఆ సంగతి నాకూ తెలుసు. ఇంతలో అత్తగారు లోపల్నుంచి "అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా?" అని కేకేసింది. ఈ ఇంట్లో పోయిన వస్తువులన్నీ నేనెక్కడో చూసే ఉంటానని అందరికీ నమ్మకం.

ఆ రోజుల్లో నా బల్లమీదున్నది ఒక పాత రియాక్టరు ఫైలు. ఇంకో పదేళ్ళు నడుపుకుంటామని కంపెనీ అడుగుతోంది. తొమ్మిది వందల పేజీల రిపోర్టు. పంపులు, పైపులు, జనరేటర్లు అన్నీ వేరేవాళ్ళు చూశారు. మనుషుల అధ్యాయం నాది. అంటే యంత్రం చెడినప్పుడు మనిషి చేత్తో చేయాల్సిన పని చేస్తాడా, మరచిపోతాడా అన్నది. బయట కరెంటు పోయిందనుకోండి, రియాక్టరును చల్లబరిచే నీళ్ళు ఒక ట్యాంకులోంచి వస్తాయి. అది అడుగంటేలోగా ఒక మనిషి నాలుగు అంతస్తులు దిగి రెండో ట్యాంకు వాల్వు చేత్తో తిప్పాలి. రిపోర్టులో ఇలా ఉంది: ఆ పని ఫీల్డ్ ఆపరేటర్ చేస్తాడు, అతను మరచిపోవడం రెండు వందల్లో ఒకసారి. అతను మరచిపోతే తనిఖీదారు చూసుకుంటాడు, అతనూ మరచిపోవడం రెండు వందల్లో ఒకసారి. ఇద్దరూ కలిసి మరచిపోవడం నలభై వేలల్లో ఒకసారి. మేం పెట్టిన హద్దుకు అది లోపలే ఉంది. మూడు నెలలుగా ఆ పేజీ చూస్తున్నాను. నాకెక్కడా తప్పు కనపడలేదు.

"శుక్రవారం కమిటీ. మీ ఒక్క సంతకమే మిగిలిందమ్మా," అన్నాడు మా బాసు. మేం ఆయన వెనకాల పెట్టుకున్న పేరు దశాంశం సారు. అంకెలో చుక్క తర్వాత ఏముందో తప్ప ఆయనకు ఇంకేమీ పట్టదు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు, ఈలోగా ఏ గొడవా లేకుండా గట్టెక్కాలని ఆయన కోరిక.

మంగళవారం ప్లాంటు శిక్షణ గదిలో ఆ వాల్వు పని చేసి చూపించినవాడు నెరిసిన మీసాల ఆపరేటరు. అసలు కంట్రోల్ రూమును అచ్చుగుద్దినట్టు కట్టిన గది అది. అలారం మోగగానే ఆయన లేచి, మెట్లు దిగి, వాల్వు తిప్పి, పైకొచ్చి కూర్చునేసరికి పదకొండు నిమిషాలయింది. "మోకాళ్ళకు కూడా లైసెన్సు పొడిగిస్తే బాగుండునమ్మా," అని నవ్వాడు. నేనూ నవ్వి, సమయం రాసుకున్నాను.

నాలుగింటికి గేటు దగ్గర ఫోన్ తీసుకుంటే పదిహేడు మిస్డ్ కాల్స్. అన్నీ స్కూలు నుంచే.

నేను స్కూలు చేరేసరికి అయిదయింది. పాప అక్కడి ఆఫీసు గదిలో బెంచీమీద కూర్చునుంది. కుడి చేయి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో పట్టుకుని. పదకొండింటికి ఆటల పీరియడ్లో పడిందట. మణికట్టు బూరెలా ఉబ్బిపోయింది. టీచరు ఐస్ పెట్టింది, చున్నీతో కట్టు కట్టింది, ఇంట్లోవాళ్ళు చెప్పందే ఆసుపత్రికి తీసుకెళ్ళే అధికారం తమకు లేదంది. ఆరు గంటలు నా పిల్ల అలా కూర్చుంది. నన్ను చూశాక కూడా ఏడవలేదు. "ఎవరూ ఫోన్ ఎత్తలేదమ్మా," అంది అంతే.

"రెండు నంబర్లకూ చేస్తూనే ఉన్నామండీ," అని గుమాస్తా పాప అడ్మిషన్ ఫారం తెచ్చి చూపించింది. అత్యవసరంలో పిలవాల్సిన ఇద్దరు. ఒకటి: తల్లి, నా మొబైలు. రెండు: పరిశీలకురాలు, భద్రతా విభాగం, నా ఆఫీసు నంబరు. రెండూ మా ఆయన గుండ్రటి చేతిరాతలోనే ఉన్నాయి. ఆయన పాఠాలు చెప్పే కాలేజీ ఆ స్కూలుకు పది నిమిషాల నడక.

ఎముక చిట్లింది. కట్టు వేయించుకుని ఇంటికొచ్చాం.

"నేను క్లాసులో ఉంటే ఫోన్ ఎత్తను కదా. నువ్వయితే ఎక్కడో ఒకచోట దొరుకుతావని రాశాను," అన్నాడు మా ఆయన. తప్పు చేసినట్టు కాదు, తెలివైన పని చేసినట్టు అన్నాడు.

"దొరకనని నిన్ననే చెప్పాను."

"అబ్బ, ఒక్కరోజు! అదేదో రోజూ జరిగేదయినట్టు."

"తల్లివి, ఫోను దగ్గరుంచుకోవద్దూ?" అంది అత్తగారు, పాప తల నిమురుతూ. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. పాప మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమ ఖర్చంతా నా ఖాతాలో పడడానికే నాకు ఒళ్ళుమండింది. చాలా కోపం వచ్చింది. ఒక ప్లేటు తీసి గోడకేసి కొడదామనిపించింది. మళ్ళీ ఆ పెంకులు ఎత్తాల్సింది కూడా నేనే అని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మర్నాడు ఆఫీసులో రిపోర్టు తెరిచాను. ఫీల్డ్ ఆపరేటర్. తనిఖీదారు. ఆ రెండు పదాలూ ఒకదాని కిందొకటి కనిపించేసరికి స్కూలు ఫారం గుర్తొచ్చింది. తల్లి. పరిశీలకురాలు. రెండు హోదాలు, ఒక్క మనిషి. వెంటనే కంపెనీకి రాసి హాజరు పట్టికలు తెప్పించాను. మామూలు రోజుల్లో ఇద్దరు మనుషులే. సెలవు రోజుల షిఫ్టుల్లో మాత్రం రెండు గళ్ళలోనూ ఒకటే సంతకం. నెరిసిన మీసాల ఆయనకు ఫోన్ చేశాను.

"అవునమ్మా, నాలుగేళ్ళ కింద మనుషుల్ని తగ్గించారు కదా. సెలవు రోజుల్లో ఆ ఇద్దరూ నేనే," అన్నాడు. "నేను మర్చిపోతే, నేనే కిందికెళ్ళి, 'ఏమయ్యా, మర్చిపోయావా?' అని నన్నే అడగాలి."

"మరి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా. పని ఆగితే అడుగుతారు గానీ, జరుగుతుంటే ఎవరడుగుతారు? జ్వరమొచ్చినా వెళ్ళాను, పని ఆగలేదు."

లెక్క మళ్ళీ వేశాను. ఒకసారి మరచిపోయిన మనిషి, అదే హడావిడిలో, తన మరుపును తానే పట్టుకోవడం సగానికి సగమే. అప్పుడు నలభై వేలల్లో ఒకటి కాదు, నాలుగు వందల్లో ఒకటి. హద్దు దాటిపోయింది. మూడుసార్లు వేసినా అంతే వచ్చింది.

దశాంశం సారు ఆ కాగితాన్ని చూశాడు. "నాలుగేళ్ళుగా ఏమీ కాలేదు కదమ్మా?"

"కాలేదు సార్. ఆయన జ్వరంతో కూడా వచ్చాడు కాబట్టి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గొంతు మెత్తబరిచాడు. "పాపకి దెబ్బ తగిలిందట కదా. మనసు బాగోలేనప్పుడు ఇలాంటివి ముట్టుకోకూడదు. రెండు రోజులు సెలవు తీసుకోండి. సంతకం ఇంకెవరితోనైనా పెట్టిస్తాను."

పన్నెండేళ్ళలో నా లెక్క తప్పని ఆయన ఒక్కసారీ అనలేదు. ఈసారీ అనలేదు. నా మనసు బాగోలేదన్నాడు, అంతే. అయినా చెప్పాను. "మనసు బాగున్నప్పుడు మూడు నెలలు చూశాను సార్, కనపడలేదు. బాగోలేనప్పుడే కనపడింది. ఎవరి సంతకం పెట్టించినా సరే, ఈ కాగితం మాత్రం కమిటీకి వెళ్తుంది. సెలవు షిఫ్టులో రెండో మనిషి లేడు అని నా పేరుతో రాసి, కింద తారీఖు వేశాను."

దశాంశం సారు కాగితం కింద ఉన్న తారీఖు వైపు చూశాడు. వద్దంటే ఆ మాట కూడా రాసి పెట్టుకుంటానని ఆయనకు తెలుసు. నిట్టూర్చాడు. "అయితే ఎవరో ఒకరు ప్లాంటులో పదిహేను రోజులు కూర్చుని ప్రతి షిఫ్టూ చూడాలి. మిమ్మల్ని అడగనులెండి, మీ ఇంటి పరిస్థితి తెలిసిందే."

నిజమే, ఎప్పుడూ అడగరు. ఆ పనికి మగవాళ్ళు వెళ్తారు, వచ్చాక ఒక మెట్టు పైకెక్కుతారు. వాళ్ళు నన్ను అడగకపోవడమే మర్యాదని నేనూ అనుకుంటూ వచ్చాను. "నేనే వెళ్తాను సార్," అన్నాను. ఆ మాట ఆయన కంటే ముందు నాకే వింతగా వినపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఈసారి ఫోన్ కిందపెట్టాడు.

"పదిహేను రోజులా? పిచ్చా నీకు? పాప చేతికి కట్టు, అమ్మ మందులు, స్కూలు, వంట... నువ్వెళ్ళిపోతే ఇంట్లో ఎవరున్నారు?"

ఆ ప్రశ్న ఆయన నోట్లోంచే వచ్చింది. నేను కట్టుకోవాల్సిన చీరలు మంచం మీద పరుచుకుంటూ, మామూలుగానే చెప్పాను.

"మనం ఇద్దరం కదండీ ఉన్నది. ఒకరు వెళ్తే ఒకరు మిగలాలి. మిగులుతారో లేదో నేనూ చూస్తాను."